గాలిలో జొన్నరొట్టె

వంటగదులు గీసి కట్టే ఆళ్లగడ్డ యెషయాది ఒకటే పిచ్చి. ఆయన వంటగది గీయాలంటే ముందు అక్కడ వండబోయేవాళ్లు ఖాళీ చోట నిలబడి వంట చేసి చూపించాలి. పొయ్యి ఉండదు, పెనం ఉండదు, పిండి ఉండదు. సిగ్గుపడ్డవాళ్లకు వంటగదీ ఉండదు.

నంద్యాలలో భర్త తాత నడిపిన పత్తి మిల్లును సుప్రజ భోజనశాలగా మారుస్తోంది. పాత గోడల మధ్య వెలుతురు ఏటవాలుగా దిగుతోంది, ఇంకా దూది ఎగురుతున్నట్టే. ఆ వెలుతురులో యెషయా వంటమనిషి కొండమ్మను నిలబెట్టాడు.

"రొట్టె తట్టమ్మా."

"పిండి యాడప్పా?"

"ఉందనుకో."

"కాలిందని కూడా అనుకోవాల్నా?"

"మాడిందనుకో! ముందు తట్టు."

కొండమ్మ గాలిని తట్టింది. ఆ చప్పుడు పైకప్పు దాకా పోయి తిరిగొచ్చింది. యెషయా దారం పట్టి ఆమె మోచేయి ఎత్తు కొలిచాడు. సుప్రజకు నవ్వాగలేదు.

ఆమె భర్త రాజశేఖర్‌కు మాత్రం ఒళ్లు మండింది. "ఏందప్పా ఈ నాటకం? వంటగట్టు ముప్పై నాలుగు అంగుళాలే ఉండాల. ఈమెకు అందకపోతే కర్నూలు నుంచి వంట మాస్టర్‌ను తెస్తా."

కొండమ్మ చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ముప్పై నాలుగు ఎవురి మోచేయప్పా?" అన్నాడు యెషయా. "ఆ మనిషిని పిలువు. రొట్టె తట్టమను."

"అన్నా, నీ దారం ఎంత చెప్తే అంతే కట్టు," అంది సుప్రజ.

పొగ లాగే చిమ్నీ వచ్చింది, స్టీలు అరలు వచ్చాయి. గట్టు మాత్రం కొండమ్మ మోచేయికి సరిగ్గా ఇరవై ఎనిమిది అంగుళాల దగ్గరే ఆగింది. రాజశేఖర్ పంతానికి మాస్టర్‌ను తెచ్చాడు. ఆరడుగుల మనిషి. ఒక్క కూర కలిపేసరికి నడుం పట్టుకున్నాడు.

"అన్నా, ఇది వంట కాదు, గుంజీలు!" అని కర్నూలు బస్సెక్కాడు.

"గట్టు ఎత్తు పెంచు," అన్నాడు రాజశేఖర్.

"పెరగదప్పా. పాత మిల్లు యంత్రం కూచున్న రాతి దిమ్మెనే ఆ ఎత్తుకు చెక్కి గట్టు చేసినా. పొయ్యిలు, గొట్టాలు అన్నీ దాంట్లోనే దించినా. ఎత్తాలంటే మీ తాత వేయించిన దిమ్మె పగలాల. ఇదో సుత్తి, నువ్వే కొట్టు."

సుప్రజకు అప్పుడర్థమైంది. ఇంకెవరొచ్చినా నడుం విరిగేలా, కొండమ్మ పనిని యెషయా రాతిలో బిగించేశాడు.

రాజశేఖర్ సుత్తిని ఎత్తి, తాత దిమ్మెను చూసి, మెల్లగా కింద పెట్టాడు. "అయితే ఇప్పుడేం చేయాల?"

"చేతులు కడుక్కొని కూచో నాయనా," అంది కొండమ్మ, పొయ్యి అంటిస్తూ.