వేగుచుక్క పడమటికి పోయిన ఏడు

మా పల్లెలో గడియారం లేదు. పెద్దారవీడు దాటి కొండ వైపు పోయే దారిలో ఇరవై ఇళ్ల క్రైస్తవ పేట మాది. చలికాలమంతా తెల్లవారుజామున ప్రార్థన ఉండేది. తూర్పు గుట్ట మీద వేగుచుక్క పొడవగానే, వేపచెట్టుకు వేలాడదీసిన రైలుపట్టా ముక్కను సుత్తితో మోగించడం నా పని. ఆ గంట విని జనం లేచి వచ్చి, ప్రార్థన కాగానే అటు నుంచి అటే కూలికి పోయేవాళ్లు. ప్రభువును వేకువచుక్కగా తలుచుకుని పాడే మాకు, ఆ చుక్కను చూసి గంట కొట్టడం కూడా ఆరాధనే.

నాకు పెళ్లయిన మరుసటి ఏడు, ప్రార్థనలు మొదలైన రోజే తప్పు చేశాను. మెలకువ వచ్చి చూస్తే గుట్ట మీద పెద్ద చుక్క వెలుగుతోంది. గంట కొట్టాను. దుప్పట్లు కప్పుకుని అందరూ వచ్చారు. పాటలు పాడాం, వాక్యం చదివాం. నేను ప్రార్థన చేశాను, ఇంకొకరు చేశారు, మళ్లీ నేనే చేశాను. తూర్పు తెల్లబడలేదు. పిల్లలు ఒకరి మీద ఒకరు ఒరిగి నిద్రపోయారు.

పేటకంతా పెద్దమ్మ అయిన ముసలామె ఇక ఉండబట్టలేక, "ఏందిరా నాయనా, ప్రభువు వచ్చేది ఈ రాత్రేనా? ముందే చెప్పుంటే తల దువ్వుకొని వచ్చేదాన్ని గదా," అంది.

చేను కావలి మంచె దిగి వచ్చిన రైతు ఒకాయన గుమ్మం బయట నిలబడి నవ్వాడు. "నడిరేయి గంట ఏందబ్బా? వేగుచుక్క ఇప్పుడు పడమట ఉంది. పొద్దుగూకినాక కనపడతాంది. పంచాంగం ఉండే ఇంట్లో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్లు."

బాప్తిస్మం నాడే పంచాంగాలు అడగడం మానుకున్న ఇల్లు మాది.

మర్నాడు కోడికూత మీద గంట కొట్టాను. ఒక్కరూ రాలేదు. "నీ గంటకు లేస్తే పగలు కలుపు తీసేదెవరు?" అంది నా భార్యే. నా నాయన కాలం నుంచి ఆగని ప్రార్థన నా చేతుల్లో ఆగిపోతోంది.

శనివారం మార్కాపురం నడిచాను. అక్కడ బళ్లో లెక్కలు చెప్పే అయ్యవారు, ఇంకో నలుగురు కలిసి సాయంత్రాలు ఇత్తడి దుర్భిణితో చుక్కలు చూస్తారని విన్నాను. జ్యోతిషమేమోనన్న భయంతో అంతవరకు ఆ వైపే పోలేదు.

పొద్దు గూకింది. అయ్యవారు పడమటి చుక్క వైపు దుర్భిణి తిప్పారు. కన్ను పెట్టి చూస్తే చిన్న నెలవంక.

"ఇది చంద్రుడు గదండీ."

"చంద్రుడు నీ నెత్తి మీద ఉన్నాడు, తలెత్తి చూడు. ఇదే నీ వేగుచుక్క. కొన్నాళ్లు పొద్దున, కొన్నాళ్లు సాయంత్రం. ఇంకో మూడు నాలుగు వారాలకు తూర్పుకు వస్తాది. నువ్వు గంట కొట్టింది గురుగ్రహాన్ని చూసి."

"అందాక దేన్ని చూసి కొట్టాలి?"

ఆయన పలక మీద ఏడు చుక్కలు పెట్టారు. ముందున్న రెండూ ధ్రువుడికి నిలువుగా పైకి వస్తే వేకువ అన్నారు. వాటి పేరు సప్తర్షులని వినగానే నేను నసిగాను.

"పేరు మార్చుకో నాయనా, చుక్కలేమీ అనుకోవు. ఈ లెక్క పదిహేను రోజులే. మళ్లా రా, దిద్దిస్తా."

ఆదివారం సంఘం ముందు లేచి నిలబడ్డాను. వెలిగేదల్లా వేగుచుక్క అనుకున్నానని, అడగడానికి గర్వం అడ్డొచ్చిందని ఒప్పుకున్నాను. పలక చూపించాను.

సోమవారం ఆ రెండు చుక్కలూ నిలువుకు వచ్చేదాకా చలిలో కూర్చుని గంట కొట్టాను. పెద్దమ్మ వాకిట్లోకి వచ్చింది. నా దగ్గరికి రాలేదు. ఉత్తరం వైపు తలెత్తింది.

"ఏవిరా ఆ రెండు?"

చూపించాను. చాలాసేపు చూసింది. "నిలబడినాయి," అని పక్కింటి తలుపు బాదింది. "లేయండే, ఈసారి నిజమే!"

ఆ రోజు తొమ్మిది మంది వచ్చారు. వారం తిరిగేసరికి పేటంతా వచ్చింది. కానీ గంట విని నేరుగా వచ్చినవాళ్లు లేరు. ముందు వాకిట్లో నిలబడి ఆకాశం చూసుకున్నాకే దుప్పటి అందుకునేవాళ్లు. మొదట్లో నాకది చిన్నతనంగా ఉండేది. గంట మోగకముందే రెండు మూడు వాకిళ్లలో తలలు పైకెత్తి ఉండడం చూశాక, ఆ బాధ పోయింది.

వేగుచుక్క తూర్పుకు తిరిగివచ్చిన రోజున నేను నిద్రలో ఉన్నాను. పెద్దమ్మే తలుపు తట్టింది.

"లేయరా, నీ చుక్క వచ్చింది. గంట కొట్టు."