బాణం లేని గీత

మా మామయ్యను మున్సిపల్ ఆఫీసులో ఎవరూ పేరు పెట్టి పిలవరు. "బాణం" అంటారు. "బాణం వచ్చాడా?" "బాణాన్ని ఆ వీధికి పంపించండి." ఊళ్ళో ఎవరి గోడ మీదైనా ఎర్రరంగు గీతా, దాని పక్కన బాణం గుర్తూ కనిపించాయంటే అది మా మామయ్య చేతి పనే. ఎక్కడినుంచి కూల్చాలో గీత చెబుతుంది. ఏ వైపు కూల్చాలో బాణం చెబుతుంది. మర్నాడు పొక్లెయిన్ వస్తుంది. దాని డ్రైవర్ కాగితాలు అడగడు, ఇంటివాళ్ళ మొర వినడు. గోడ చూస్తాడు. బాణం ఎటు చూపిస్తే అటు కొడతాడు.

బాణమే లేకుండా వట్టి గీత ఉంటే? మొత్తం పోతుంది. ఇది ఏ రూల్సు పుస్తకంలోనూ లేదు. కూల్చేవాళ్ళ మధ్య ఎప్పటినుంచో నడుస్తున్న పద్ధతి, అంతే.

ఆయన పని ఇదొక్కటే కాదు. టౌన్ ప్లానింగ్ వాళ్ళకి గీతలు, రెవెన్యూ వాళ్ళకి ఇంటి నంబర్లు, కరెంటు వాళ్ళకి స్తంభాల నంబర్లు, పారిశుద్ధ్యం వాళ్ళకి "ఇచ్చట చెత్త వేయరాదు". ఆ అక్షరాలు ఇంకా తడారకముందే వాటి కిందే చెత్త వేసి వెళ్తారు జనం. ఆఫీసు మెట్ల కింద, తల వంచితే తప్ప దూరలేని గూడు ఆయన స్టోరు. డబ్బాలు, కిరసనాయిలు వాసన, గట్టిపడిన బ్రష్షులు. అన్ని డిపార్టుమెంట్లకీ ఆయన కావాలి. ఏ డిపార్టుమెంటూ ఆయన్ని తన మనిషి అనుకోదు. కాంట్రాక్టు మనిషి కదా, ఇంటికొచ్చిన అద్దె కుర్చీ లాంటివాడు.

అంతకు ముందు మామయ్యకు సొంత కొట్టు ఉండేది. చెక్క కొట్టు. పర్మిషన్ ఉన్న జాగాలోనే కట్టాడు, ముందున్న పలక ఒక్కటే మురిక్కాలవ మీదికి వచ్చేది. బోర్డులు రాసేవాడు. మా అత్తయ్య అక్షరాల లోపల రంగు నింపేది. ఆయన గీస్తే ఆమె నింపడం. ఇద్దరూ రోజంతా మాట్లాడుకోకుండానే కబుర్లు చెప్పుకున్నట్టు ఉండేవారు.

ఒకరోజు టౌన్ ప్లానింగ్ సూపర్వైజర్ కొట్టుకొచ్చాడు. ఆయన ఎప్పుడూ జీపు దిగేవాడు కాదు, అందుకే ఆయన్ని జనం "జీపు" అనేవారు. ఆరోజు మాత్రం దిగాడు. ఇంటి గేటుకి నేమ్ ప్లేటు కావాలన్నాడు. పేరు రాసి, కింద "టౌన్ ప్లానింగ్ ఆఫీసర్" అని రాయమన్నాడు.

"సార్, మీరు సూపర్వైజర్ కదా?" అన్నాడు మామయ్య.

"అయితే ఏంట్రా?"

"ఏం లేదు సార్. ఆఫీసర్ గారి బోర్డు కూడా నేనే రాశాను. దాని మీద పేరు వేరే ఉంది. ఊరికి ఇద్దరు ఆఫీసర్లయితే జనం ఎవరికి దణ్ణం పెట్టాలో తెలీక చస్తారు."

మామయ్యకి నోటిదూల ఉంది. కాదనను. కొట్టు ముందు నిలబడ్డవాళ్ళు పకపకా నవ్వారు. జీపు కూడా నవ్వాడు. "నిజమేలే" అంటూ వెళ్ళిపోయాడు. ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదంటారు. నవ్వే మగాణ్ణి గురించి సామెత ఎవరూ కట్టలేదు. కట్టాల్సింది.

కొద్ది రోజులకే కొట్టు మీద ఎర్ర గీత పడింది. పడాల్సిందే, పలక కాలవ మీదికి వచ్చింది కాబట్టి. అప్పట్లో గీతలు గీసే ముసలాయన గీత గీసి, బాణం కాలవవైపు తిప్పబోయాడు. పలక వరకే పోయేది. జీపులోంచి కేక వినబడింది: "బాణం వద్దు." ఈ సంగతి ముసలాయన తర్వాతెప్పుడో చెప్పాడు.

మర్నాడు పొద్దున్నే మొత్తం కొట్టేశారు. లోపల ఒక బడి కోసం రాసిన బోర్డులు ఇంకా పచ్చిగా ఉన్నాయి. అత్తయ్య బ్రష్షుల పెట్టె కోసం లోపలికి పరిగెత్తింది. పెట్టె దొరకలేదు, చేతికి ఒక్క బ్రష్షు దొరికింది. రంగు డబ్బాలు చితికి మురిక్కాలవలో నీలం, పసుపు, ఎరుపు కలిసి పారాయి. పిల్లలు చూసి సంబరపడ్డారు.

మామయ్య జీపు దగ్గరికి పరిగెత్తాడు. "సార్, బాణం మర్చిపోయారు. పలక ఒక్కటే కదా సార్!"

జీపు అద్దం సగం దించాడు. "గీత గీసింది ఆఫీసు. మధ్యలో నేనెవర్ని చెప్పడానికి? నేను ఆఫీసర్ని కాదుగా" అని అద్దం ఎత్తేశాడు.

ఈ మాట మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. నాకు ఎక్కాలకంటే ముందు ఇదే వచ్చింది.

గీతలు గీసే ముసలాయన పని మానేశాక మామయ్య వెళ్ళి ఆ పనిలోనే చేరాడు. అత్తయ్య మాట్లాడటం మానేసింది. మా అమ్మ అయితే నిలబెట్టి అడిగింది. "సిగ్గు లేదురా తమ్ముడూ? కొట్టినవాడి కాళ్ళ దగ్గరే పోయి కూర్చుంటావా?"

"కూర్చుంటేనే అక్కా, కాళ్ళు అందేది" అన్నాడు మామయ్య.

అత్తయ్య ఆ మాట విని లోపలికెళ్ళి అన్నం పెట్టుకొచ్చింది. ఆరోజు నుంచి మళ్ళీ మాట్లాడింది.

ఏళ్ళు గడిచాయి. "ఏరా పెయింటరూ" అని జీపు పిలవడం, "సార్" అని మామయ్య పరిగెత్తడం. ఊరంతా మామయ్య గీతలు పడ్డాయి. మామయ్య గీసిన గీతల వెనక ఏడ్చినవాళ్ళు ఎందరో ఉన్నారు, వాళ్ళు ఆయన్ని తిట్టిన తిట్లు కూడా నేను విన్నాను. ఆయన బాణం గీయకుండా ఒక్క గోడనీ వదల్లేదు. పాపం అనుకుని కాదు. వట్టి గీతని ఒకడి కోసం దాచుకున్నాడని నేననుకునేవాణ్ణి.

జీపు ఇల్లు ఆఫీసుకి వెళ్ళే దారిలోనే ఉంది. మురిక్కాలవని పూర్తిగా కప్పేసి అరుగు కట్టుకున్నాడు. అరుగు మీద గేటు స్తంభం. స్తంభానికి వెడల్పాటి రేకు నేమ్ ప్లేటు. ఎవరో చేతకాని పెయింటర్ చేత రాయించాడు. "ఆఫీసర్" అక్షరాలు తాగినవాడు ఇంటికి నడిచినట్టు ఒకదాని మీద ఒకటి పడుతూ ఉండేవి. అక్కడికి రాగానే మామయ్య సైకిలు నెమ్మదించేది. అబద్ధం ఒకటి, అందులోనూ అందం లేని అబద్ధం. ఏది ఎక్కువ మండేదో ఆయనకే తెలియాలి.

జీపు రిటైరయ్యాడు. ప్లేటు మాత్రం రిటైరవలేదు. ఆ ఏడాది వానలకి ఆ వీధి మురికంతా ఇళ్ళలోకి ఎగదన్నింది. అరుగుల కింద పార దూరదు, పూడిక తియ్యలేమని పారిశుద్ధ్యం వాళ్ళు చేతులెత్తేశారు. కాలవ మీదున్నవన్నీ తీసెయ్యమని కమిషనర్ ఆర్డరు వేశాడు.

ఆరోజు మధ్యాహ్నం మామయ్య అన్నానికి ఇంటికొచ్చి ఏ వీధో చెప్పాడు. అత్తయ్య వేణ్ణీళ్ళు కాచింది. ఇస్త్రీ చొక్కా తీసింది. రంగు పనికి ఇస్త్రీ చొక్కా ఏంటని, "పెళ్ళికా అత్తయ్యా?" అని నవ్వాను.

"పెళ్ళే" అంది. ఆమె నవ్వలేదు.

ఎవరూ పిలవకపోయినా నేనూ వెళ్ళాను. సర్వేయర్ టేపు పట్టాడు. కాలవ గట్టు దగ్గర టేపు కొస మామయ్య చేతిలో ఉంది. కొస కాస్త జరిపితే గీత వరండాలోకి పోతుంది. ఎవడూ చూడటంలేదు. జరపమని నేను లోలోపల మొత్తుకున్నాను. ఆయన జరపలేదు. ఉన్నది ఉన్నట్టుగా పట్టాడు. ఉన్నది చాలు. గీత సరిగ్గా స్తంభం లోపలి అంచు మీద పడింది.

జీపు బయటికొచ్చాడు. "రండి పెయింటర్ గారూ, కాఫీ తాగుదాం."

"ఉద్యోగం పోగానే మర్యాద వచ్చింది సార్ మీకు" అన్నాడు మామయ్య, బ్రష్షు ఆపకుండా.

"ఆ స్తంభం ఒక్కటీ వదిలెయ్యవయ్యా. గీత కాస్త ఇటు జరిగితే నీ సొమ్మేం పోయింది?"

"గీత ఆఫీసుది సార్. మధ్యలో నేనెవర్ని చెప్పడానికి?"

జీపుకి ఆ మాట గుర్తులేదు. అది నాకు ఆయన మొహంలోనే కనబడింది. మా ఇంట్లో ఏళ్ళ తరబడి నిద్రలేకుండా చేసిన మాట ఆయనకి గుర్తే లేదు. నాకు అప్పుడొచ్చిన కోపం ఇప్పటికీ దిగలేదు.

మామయ్య గీత పూర్తిచేసి, కాలవవైపు బాణం గీసి, డబ్బా మూత పెట్టి వచ్చేశాడు.

మర్నాడు పొద్దున్న పొక్లెయిన్ వచ్చేసరికి బాణం లేదు. దాని చోట థిన్నర్ వాసన కొడుతూ తెల్లటి మరక. గీత మాత్రం అలాగే ఉంది. వరండాలో జీపు అల్లుడు చేతులు కట్టుకుని, పెద్ద ఘనకార్యం చేసినవాడిలా నిలబడ్డాడు.

డ్రైవర్ కిందికి తల వంచి అడిగాడు. "బాణం లేదేంటన్నా? మొత్తమేనా?"

మామయ్య అవుననలేదు, కాదనలేదు.

డ్రైవర్ పొక్లెయిన్ తొండం పైకెత్తాడు. ఆ చప్పుడుకి జీపు స్నానం మధ్యలోంచి తువ్వాలుతో వచ్చాడు. గీత చూశాడు. పక్కనున్న మరక చూశాడు. అక్కడున్న వాళ్ళందరిలో ఆ వట్టి గీత అర్థం తెలిసింది మాకు కాక ఆయనకే. ఎందుకు తెలీదు? ఆయన వాడిందే కదా.

"ఎవడు చెరిపాడు?"

"నేనే మావయ్యగారూ. బాణమే లేకపోతే వాడెటని కొడతాడు?" అన్నాడు అల్లుడు.

"ఎటేంటి నాయనా, మొత్తం కొడతాడు! వరండా, ముందుగది, నిన్నూ కలిపి!"

వీధి చివర ఆఫీసు కారు ఆగి ఉంది. లోపల కొత్త సూపర్వైజర్ ఫోన్ చూసుకుంటున్నాడు. జీపు తువ్వాలు పట్టుకుని అక్కడికి పరిగెత్తి అద్దం తట్టాడు. అద్దం కాస్తే దిగింది. "గోడ మీద ఏముంటే అది సార్. పెయింటర్ని అడగండి." అద్దం లేచింది. పని దగ్గర బండి దిగకూడదని ఆ ఆఫీసుకి నేర్పింది జీపే.

ఆయన తిరిగొచ్చి మామయ్య ముందు నిలబడ్డాడు. ఒంటి మీద సబ్బు ఆరిపోతోంది. "బాణం గియ్యవయ్యా."

"ఎవరు చెప్పారని గియ్యను సార్?"

"నేను చెబుతున్నా."

మామయ్య స్తంభం దగ్గరికెళ్ళి ప్లేటుని పైకే చదివాడు, చదువు రానివాడు కూడబలుక్కున్నట్టు. "టౌన్... ప్లానింగ్... ఆఫీసర్. ఆఫీసర్ గారు చెబితే గియ్యాల్సిందే. మీరు ఆఫీసరేనా సార్?"

వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. తొండం వరండా కప్పు మీదికి వచ్చి ఆగింది.

"కాదు" అన్నాడు జీపు.

"ఇంజిను చప్పుడు సార్. వినపడలేదు." ఇంజిను ఆపబోతున్న డ్రైవర్ని మామయ్య చేత్తో వారించాడు.

"కాదయ్యా! ఆఫీసర్ని కాదు! సూపర్వైజర్ని! చేరినప్పుడూ సూపర్వైజర్నే, దిగినప్పుడూ సూపర్వైజర్నే!"

ఎదురింటి మేడ మీదనుంచి ఒకామె అంది: "అయ్యో, మరి మా ఆయన ఇన్నేళ్ళూ నమస్కారాలు పెట్టి చచ్చాడే!" వీధి నవ్వింది. కొట్టు ముందు నవ్విన నవ్వే. అంతకాలం ఎక్కడ దాక్కుందో.

అప్పుడు మామయ్య డబ్బా మూత తీశాడు. బాణం గీశాడు. బోర్డుల కాలంలో గీసినట్టు, నిదానంగా, మొన తేల్చి, అంచులు సరిచేసి, లోపల నిండా రంగు నింపి. ఆ నింపడం అత్తయ్య పని. ఆమె చేతికి మిగిలిన ఆ ఒక్క బ్రష్షుతోనే నింపాడు.

అరుగు పోయింది. స్తంభం ఒక్క దెబ్బకే ఒరిగింది. ప్లేటు ఎగిరి కాలవలో పడింది. మామయ్య ఇస్త్రీ చొక్కాతోనే కాలవలోకి దిగి దాన్ని తీసుకున్నాడు.

దారిలో నేను ఆగలేకపోయాను. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి చోట మనిషి పెద్దమనసు చేసుకుంటాడు, చదివేవాడు కళ్ళు తుడుచుకుంటాడు. నాకా పుస్తకాలంటే ఒళ్ళుమంట. "ఎందుకు గీశావు మామయ్యా? అల్లుడే చెరిపాడు. నీ తప్పు లేదు. మాట్లాడకుండా నిలబడితే ఇల్లే పోయేది! జాలిపడ్డావా?"

ఆయన సైకిలు దిగి నా మొహం చూశాడు.

"జాలా? ఒరేయ్, బాణం లేకుండా కొడితే అది పొరపాటు. కోర్టుకి పోతాడు, ఆఫీసే దగ్గరుండి కట్టించి ఇస్తుంది, ప్లేటుతో సహా. బాణంతో పోయింది చూడు, దాన్ని ఇక వాడి తాత దిగొచ్చినా కట్టలేడు. పైగా పొరపాటున పోతే అది నేను చేసింది కాదుగా! నా చేత్తో పోవాలి."

నేనైతే గీసేవాణ్ణి కాదు. ఇప్పటికీ అదే అంటాను. ఆయనకున్న ఓపిక నాకు లేదు.

కొట్టు తిరిగి రాలేదు. చేత్తో రాసే బోర్డులకి కాలమూ పోయింది. జీపు ఇప్పుడు కాలవ మీద చెక్క ముక్క వేసుకుని, పక్కకి తిరిగి, చేతులు చాపి ఇంట్లోకి దాటుతున్నాడు. అక్కడికి రాగానే మామయ్య సైకిలు ఇప్పటికీ నెమ్మదిస్తుంది. కుదిరితే బెల్లు కూడా కొడతాడు.

ప్లేటు మా అత్తయ్య కడిగింది. రెండుసార్లు సున్నంతో తోమింది. పెరట్లో నీళ్ళ డ్రమ్ముకి మూత లేక ఆకులు పడుతుండేవి, ఇప్పుడు పడటంలేదు. మొన్న వెళ్తే గుమ్మంలోంచే కేకేసింది:

"కాళ్ళు కడుక్కుని రారా. ఆ ఆఫీసర్ని కాస్త పక్కకి నెట్టి, చెంబుతో ముంచుకో."