రాళ్ళ సొరుగులో పడిన కార్డు

విమానం నుంచి తీసిన ఫోటోలను ఎలా చదవాలో చెప్పే పరిశోధన వ్యాసాలకు కార్డులు కొట్టడం నా ఉద్యోగం. బెంగళూరులో ఒక ఆఫీసు లైబ్రరీ. వ్యాసం పేరు, రాసినవాళ్ళ పేర్లు, నాలుగు మాటల్లో విషయం టైపు చేసి, నీళ్ళు, రాళ్ళు, పంటలు, రోడ్లు అని రాసున్న సొరుగుల్లో వేసేదాన్ని. నీళ్ళ గురించీ రాళ్ళ గురించీ చెప్పే వ్యాసమైతే రెండు సొరుగుల్లోనూ కార్డు వెయ్యాలి. రెండోది ఎవరు కొడతారని నా బద్ధకం. పైగా ఆ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని గీర.

ఎనభైల చివర్లో వరసగా వానలు మొహం చాటేశాయి. నాగలమడిక దగ్గర మా చేలో వేరుశెనగ ఊడలు నేలలోకి దిగి కాయ పట్టకముందే మాడిపోయింది. రెండు బోర్లు అప్పటికే ఎండాయి. ఇక వెయ్యబోయే మూడోది కూడా పోతే చేను బీడు పెట్టి, అమ్మను తీసుకుని బెంగళూరుకు కూలికి వచ్చేస్తానన్నాడు నాయన.

మా ఊళ్ళో బోరు వేసేముందు నీళ్ళ జాడ చెప్పడానికి, అరచేతిలో టెంకాయ పెట్టుకుని చేనంతా నడిచే మనిషిని పిలుస్తారు. నాయన వద్దన్నాడు. "మా పాప విమానం ఫోటోలు చదువుతాది. టెంకాయ ఎందుకప్పా?" అని ఊరంతా చెప్పుకున్నాడు. నేను చదివేది ఫోటోలు కాదు, వ్యాసాల పేర్లు. ఆ సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నీళ్ళ సొరుగంతా వెదికితే మూడు వ్యాసాలు దొరికాయి. బండనేల ఫోటోలో నల్లగా, తిన్నగా కనిపించే గీత పగులు కావచ్చనీ, పగుల్లో నీళ్ళుంటాయనీ మూడూ చెప్పాయి. మా వైపు ఫోటో అడిగి చూస్తే మా చేలోనే అలాంటి గీత. సంతోషంతో ట్రేసింగ్ కాగితం మీద దించుకుని బస్సెక్కాను.

నాయన కాగితాన్నీ చేనునూ మార్చి మార్చి చూశాడు. "ఈ గీత ఉండేకాడ నల్లరాళ్ళ వరస ఉండాది కదా పాపా. దానికి పైపక్క గడ్డి కొంచెం పచ్చగుంటాది. ఆడ వేస్తే?"

"గీత మీదే వెయ్యాల నాయనా. వ్యాసాల్లో అట్లే ఉండాది."

"సరే, చదివినదానివి," అని నేను చూపించిన చోటే పసుపు కుంకుమ పెట్టాడు.

పొద్దున మొదలుపెట్టిన బోరు బండి సాయంత్రం దాకా నల్లదుమ్మే ఎత్తిపోసింది. తడి లేదు.

తర్వాతి వారం ఆఫీసులో ఎవరో రాళ్ళ గురించి అడిగితే ఆ సొరుగు తీశాను. అందులో కనబడింది నేను కొట్టిన కార్డే, నీళ్ళ సొరుగులో దాని జోడీ వెయ్యనిది. బండనేలలో నల్లరాయి గోడలా నిలబడి భూమిలోని నీళ్ళను ఆపేస్తుంది, ఫోటోలో అదీ నల్లగీతలాగే కనిపిస్తుంది, తవ్వాల్సింది దానికి ఎగువపక్క. అచ్చం నాయన చూపించిన చోటు. నా మీద నాకే అసహ్యం వేసింది.

నాయనతో చెప్పేయాలనే శనివారం ఊరికి పోయాను. అమ్మ లోపల గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. వాకిట్లో పక్క చేను ఆయన నాయనను అడుగుతున్నాడు: "చదువుకున్న పాప చూపించిన జాగా ఎట్ల ఎండిందప్పా?"

"పాప చూపించింది వేరే జాగా. నేనే మొండికేసి ఈడ వేయించినా," అన్నాడు నాయన.

"బిడ్డ మాట వినాల్సింది కదప్పా."

"అవునప్పా, వినాల్సింది."

నేను గడపలో నిలబడే ఉన్నాను. చెప్పాలని వచ్చింది చెప్పకుండానే లోపలికి పోయి, అమ్మకు గోనెసంచి మూతి పట్టాను.