శాంతాబాయి బిళ్ళ, జనార్ధనరావు లెక్క

నాచారంలో జనార్ధనరావు ఇల్లెక్కడంటే ఎవరూ చెప్పలేరు. 'పరీక్షల సారు' అంటే మూడు వీధులవాళ్లు దారి చూపిస్తారు. తెనాలి నుంచి వచ్చి, ముప్పై మూడేళ్లు ఓ ప్రభుత్వ ప్రయోగశాలలో లోహాల గుణగణాలు తేల్చి, నిరుడు పదవీ విరమణ చేశాడు. తాను లేని ప్రయోగశాల ఏమైపోతుందోనని వారం రోజులు ఫోను పక్కనే కూర్చున్నాడు. ఎనిమిదో రోజు ఫోను మోగింది. బీరువా తాళంచెవి ఇచ్చిపొమ్మన్నారు. అప్పటినుంచి ఆయన విజ్ఞానం కాలనీ పాలమీదా తేనెమీదా పడింది.

ఓ శుక్రవారం పొద్దున, పనిచేసే శాంతాబాయి కొంగుముడి విప్పి ఓ నాణెం ఆయన అరచేతిలో పెట్టింది. ఒకవైపు చార్మినారు, రెండోవైపు ఆయనకు చదవరాని అక్షరాలు. సందుసందునా ఏళ్లనాటి పసుపూ కుంకుమా గట్టిపడి ఉన్నాయి.

"మా అవ్వది సారు. వెండి అన్నది. ఎల్లుండి మనుమరాలు సిరిని తొట్టెలల ఏస్తున్రు. అమ్మమ్మను గదా, ఉత్త చేతులతోని ఎట్ల పోవాలె? వెండైతే కడియాలు చేపిస్త. జర సూడుండ్రి."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నాడు. ఇంతలో వంటింట్లోంచి భార్య రత్నకుమారి వచ్చింది.

"ఏవండీ, అది పూజలో ఉన్న బిళ్ళ. శుక్రవారం పూట దాని బొట్టు చెరిపారంటే ఊరుకోను."

గీసి ఓ ఆమ్లం చుక్క వేస్తే రెండు నిమిషాల పని. కానీ ప్రకృతి నియమాల్లో రత్నకుమారి మాట మొదటిదని ఆయన ఏనాడో కనుక్కున్నాడు. కనుక బొట్టు చెరపకుండా, నాణేన్ని దారంతో కట్టి, గ్లాసు నీళ్లలో వేలాడదీసి తూచాడు. వెండి నీటికంటే పదింతలు బరువుండాలి. లెక్క తొమ్మిది దాటలేదు. శాస్త్రీయ దృక్పథం గల మనిషి గనుక అదే తప్పును మూడుసార్లు చేసి, సగటు తీసి, రెండు దశాంశాల వరకూ రాశాడు.

"విచారకరమైన విషయం శాంతాబాయీ. ఇది వెండి కాదు, ఉత్త గిలట."

"మా అవ్వ అబద్ధమాడదు సారు."

"ఆడిందనడం లేదు. అవ్వ దగ్గర త్రాసు లేదంటున్నాను."

ఈ మాట తనకే ఎంతో బాగుందనిపించింది. శాంతాబాయి మాత్రం మిగతా గిన్నెలు చప్పుడు కాకుండా తోమి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె పని ముగించి పెందలాడే బయలుదేరింది. "చిల్కానగర్‌ల పోశయ్య తాన పోతున్న అమ్మా. నా కాళ్ల పట్టీలు కరిగిపిస్త."

పెళ్లినాటి పట్టీలు అవి. జనార్ధనరావు ఆ కాళ్లవైపు చూసి, పేపరు వైపు చూసి, చెప్పులు వేసుకున్నాడు. మోసపోకుండా చూసుకోవడానికి నిపుణుడొకడు తోడుండాలని ఆటోలో తనకు తానే చెప్పుకున్నాడు.

వెండిపని చేసే ఔసలి పోశయ్య కొట్టు ఓ తలుపంత వెడల్పు. శాంతాబాయి పట్టీలు విప్పి ముందుపెట్టి, కొంగులోంచి నాణెం కూడా తీసింది.

"గిది కూడ ఒకసారి సూడు అన్నా. గిలట అంటున్రు."

పోశయ్య దాన్ని కుంకుడురసంలో వేసి, పాత బ్రష్షుతో తోమాడు. గిన్నెలో నీళ్లు పచ్చగా, ఎర్రగా, తర్వాత సాంబారులా మారాయి. ఆ రంగు చూడగానే, తన లెక్కను తొమ్మిది దాటనివ్వనిది ఈ పసుపూ కుంకుమేనని జనార్ధనరావుకు అర్థమైంది. పోశయ్య గీటురాయి మీద గీసి, తేజాబు అనే ఆమ్లం చుక్క వేసి, దానిమీద ఉప్పునీళ్లు వదిలాడు. విరిగిన పాలలా తెల్లగా తేలింది.

"వెండే బిడ్డా. జర రాగి కలిసింది గంతే. కడియాలకు సరిపోతది. గిలట అన్నోడెవడు?"

శాంతాబాయి గోడమీది క్యాలెండరు చూస్తూ, "ఎవరో సదువుకున్నోళ్లు లే," అంది.

ఆ దయను ఆయన తట్టుకోలేకపోయాడు. "నేనే. నీళ్లలో తూచి చెప్పాను."

"కడగకుంట తూచిన్రా సారు?"

"శుక్రవారం."

పోశయ్య అర్థమైనట్టు తలూపాడు. "ఏం పని జేస్తరు?"

"లోహాలు పరీక్షించేవాణ్ణి. సర్కారు కొలువు."

"పింఛను వస్తదా?"

"వస్తుంది."

"గదే మంచిది."

శాంతాబాయి పట్టీలు మళ్లీ కాళ్లకు పెట్టుకుని మరలు బిగించుకుంది. పోశయ్య నాణేన్ని మూసలో వేసి మంట అంటించాడు. చార్మినారు మెత్తబడడం చూద్దామని జనార్ధనరావు ముందుకు వంగాడు.

"జర పక్కకు జరుగుండ్రి సారు. ఎల్తురు రానియ్యుండ్రి."

ఆయన జరిగాడు.