ఎడ్నా గారి ఇంట్లో గడియ వేయని తలుపు

ఎడ్నా గారు ఇక లేరు. కెనడాలోని గ్వెల్ఫ్ ఊరి చివర ఒక రాతి ఇంట్లో పుట్టి, ఎనభై ఏళ్ళు దాటేదాకా ఆ ఇంట్లోనే జీవించిన ఆమె గత వారం న్యుమోనియాతో ఆస్పత్రిలో కన్నుమూశారు. పొరుగింటి డగ్ ఫోన్ చేసి ఈ వార్త చెప్పినప్పుడు నేను షిఫ్ట్ ముగించుకుని కారు అద్దం మీద మంచు గీకుతున్నాను. ఆ తర్వాత అతను ఇంకో మాట చెప్పాడు. "ఆ కుడి తలుపు తెరిచే ఉంది. మూసుకుపోకుండా సందులో బూటు పెట్టుకుంది. ఇంటి హాలంతా మంచు కొట్టేసింది."

ఆ తలుపు గురించి ఒంటారియోలోని మన తెలుగువాళ్ళు చెప్పుకునే కథ మీలో చాలామంది వినే ఉంటారు. దాన్ని మొదలుపెట్టింది నేను. ఆమెకు నివాళి రాసే అర్హత నాకుందో లేదో తెలియదు. నేను రాయకపోతే మాత్రం ఆమె పేరు మీద ఆ కథ ఒక్కటే మిగిలిపోతుంది.

మా తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారం మధ్యాహ్నాలు ఒక చిన్న ఇంగ్లీషు చర్చి హాల్లో జరుగుతుంది. ఎడ్నా గారు ఆ చర్చి సభ్యురాలు. మాకు హాలు తాళం తీసిపెట్టి, కాఫీ కాచి, వెనక వరుసలో కూర్చునేవారు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా చివరిదాకా ఉండేవారు. ఒకసారి ప్రార్థన ఉద్ధృతిలో మా కూటంలోని ఒక పెద్దావిడ నిలువెల్లా వణికిపోయింది. అతిథులుగా వచ్చిన తెల్లవాళ్ళు ఇబ్బందిగా నేల చూపులు చూశారు. ఎడ్నా గారు మాత్రం లేచి నిలబడి కళ్ళు మూసుకున్నారు. తర్వాత కాఫీ పోస్తూ అన్నారు: "మా ముత్తవ్వ ఇది చూసుంటే సొంతింటికి వచ్చాననుకునేది. కాసేపటికి భయపడి పారిపోయి ఉండేది." ఆమె ఇంగ్లీషు మాటలను ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆ మాటకు అర్థం తర్వాత తెలిసింది. ఆమె పూర్వీకులు షేకర్లు. అమెరికాలో ఒకప్పుడు షేకర్ల క్రైస్తవ సమాజాలు చాలా ఉండేవట. ఆరాధనలో ఆత్మావేశంతో వణికేవారు గనుక ఆ పేరు. వాళ్ళలో సొంత ఆస్తి లేదు, దాంపత్యం లేదు. భార్యాభర్తలు కలిసి చేరినా ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్ళే. స్త్రీలకూ పురుషులకూ ఒకే కప్పు కింద వేరు తలుపులు, వేరు మెట్లు. పిల్లలు మరో ఇంట్లో, అందరి బిడ్డలుగా పెరుగుతారు.

మన తెలుగు విద్యార్థులు ఇక్కడికి వెల్లువలా వచ్చిపడిన కాలం అది. ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురేసి పరుపులు పరుచుకునేవారు. అద్దె ఇంటి ఫొటో చూసి ఇండియా నుంచే డబ్బు పంపి, దిగి చూస్తే ఆ నంబరుతో ఇల్లే లేదని ఏడ్చినవాళ్ళను నేను ఎయిర్‌పోర్టు నుంచి మా ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు ఎడ్నా గారు తమంత తామే అడిగారు: "మా మేడ మీద గదులు ఖాళీ. పిల్లలకు మెట్లు ఎక్కే ఓపిక ఉంటుందా?" అలా కరీంనగర్ వైపు నుంచి వచ్చిన శ్రావణిని, గుంటూరు కిరణ్‌ను నేనే ఆ ఇంట్లో దించాను.

ఆ మొదటి రోజు మరపురాదు. ఇంటి ముఖాన పక్కపక్కనే రెండు తలుపులు. లోపల గోడల పొడుగునా చెక్క మేకులు, వాటికి తలకిందులుగా వేలాడుతున్న కుర్చీలు. కిరణ్ సూట్‌కేసు దించకుండానే, "ఇదేంటి ఆంటీ, కుర్చీలేం తప్పు చేశాయని ఉరేశారు?" అన్నాడు. నేను నవ్వాపుకుంటూ దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. ఆమె పగలబడి నవ్వి, ఒక కుర్చీని దించి చూపించారు. నేల ఊడవడానికి అడ్డం లేకుండా తగిలిస్తారట. దుమ్ము పడినా కూర్చునే వైపు పడకుండా తలకిందులుగా తగిలిస్తారట. శ్రావణి ఆ కుర్చీని తడిమి చూసి, "మా అమ్మ చూస్తే రేపే మా ఇంట్ల మేకులు కొట్టిస్తది," అంది. ఆ సాయంత్రం నుంచి శ్రావణికీ ఎడ్నా గారికీ జట్టు కుదిరింది. పప్పులో ఉప్పు తక్కువైందని ఎడ్నా గారు ఆ పిల్లకే చెప్పేవారు.

కుడి తలుపు ఆడవాళ్ళది. దానికి గడియ ఉండేది కాదు. ఎందుకని అడిగితే ఆమె చెప్పిన వృత్తాంతం ఇది. ఆమె ముత్తాత, ముత్తవ్వ తమ చిన్నకూతురు లిడియాతో పాటు షేకర్లలో చేరారు. లిడియా అంటే మన బైబిల్లో లూదియ. కొన్నేళ్ళకు వాళ్ళకు మళ్ళీ భార్యాభర్తలుగా బతకాలనిపించింది. బయటికి పోతామంటే అక్కడ ఎవరూ అడ్డుపెట్టలేదు. బండి కూడా ఇచ్చారు. ఈ విషయం ఎడ్నా గారు ప్రతిసారీ నొక్కి చెప్పేవారు. కానీ అప్పటికి లిడియా అక్కడి పిల్ల అయిపోయింది. నువ్వూ రావచ్చు, నీ ఇష్టం అని చెప్పి, వాళ్ళు మంచులో బండి ఆపుకుని ఆ రెండు తలుపుల ఇంటి వైపు చూస్తూ కూర్చున్నారు. లిడియా ఎంతకీ రాలేదు. బండి కదిలి మలుపు తిరుగుతుండగా ముత్తవ్వ వెనక్కి చూసింది. ఆడపిల్లల తలుపు తెరుచుకుంటోంది. ముత్తాత, "గాలి," అని గుర్రాన్ని తోలాడు.

సరిహద్దు దాటి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టేటప్పుడు ముత్తవ్వ పట్టుబట్టి రెండు తలుపులు పెట్టించింది. మళ్ళీ వేరువేరుగా ఉండటానికి కాదు. లిడియా వస్తే మగవాళ్ళ తలుపులోంచి లోపలికి రాదు, ఆమె అలా పెరగలేదు. ఆమె కోసం ఒక తలుపు ఉండాలి, అది ఎప్పుడూ తోస్తే తెరుచుకోవాలి. తల్లి కూతురికి, తండ్రి కొడుకుకు అప్పగించుకుంటూ వచ్చిన మాట ఇది. ఎడ్నా గారు తమ తండ్రికి మాట ఇచ్చారు. పెళ్ళి చేసుకోలేదు, ఇల్లు విడవలేదు. "నా తర్వాత ఏమవుతుందో నేను చెప్పలేను. నేనున్నంతవరకు అది మూతపడకూడదు," అనేవారు. ఆమె ఈ లోకంలో గట్టిగా కోరుకున్నది అదొక్కటే.

ఆ ఇంట్లో వింతలు లేవని నేను అనను. మధ్యాహ్నం భోజనాల వేళ గాలి లేకుండానే ఆ తలుపు తెరుచుకునేది. ఎడ్నా గారు మాట ఆపకుండానే, తల ఎత్తకుండానే, దారి వదులుతున్నట్టు కుర్చీ కాస్త జరుపుకునేవారు. తలుపు మెల్లగా మూసుకునేది. కుడి తలుపు వైపు మెట్ల మీద అడుగులు వినిపిస్తాయని శ్రావణి చెప్పింది. ముసలి ఇల్లు, చెక్క కిర్రుమంటుందిలే అన్నాను. "కిర్రు కాదంకుల్. ఎక్కుడే వినవడ్తది. దిగుడు మాత్రం వినవడది." ఆ పిల్ల గొంతులో భయం లేదు. మేడ మీద తన గది పక్క గదిలో ఎవరో చదువుకునే అమ్మాయి ఉన్నట్టు చెప్పింది.

భయం నాకు పట్టింది. దానికి తోడు శ్రావణి వాళ్ళ నాన్న ఫోన్. "అన్నా, మిమ్మల్ని నమ్మి పంపిన. ఆడపిల్ల ఉన్న ఇంటికి గడియ ఉండదంటే ఎట్లనే? మా చుట్టాలు వింటే ఏమనుకుంటరు?" ఊరు కాని ఊళ్ళో ఎవరి పిల్లకైనా మనమే పెద్దదిక్కు అనుకోవడం మనకు అలవాటు. ఇల్లు ఎవరిదన్నది మనకు గుర్తుండదు. ఎడ్నా గారు కంటి ఆపరేషన్‌కు వెళ్ళిన రోజు నేను డ్రిల్ తీసుకెళ్ళి ఆ తలుపుకు అంకెలు నొక్కే తాళం బిగించాను. తలుపు మూసుకుంటే చాలు, తాళం తనంతట తానే పడిపోతుంది.

కంటికి కట్టుతో తిరిగొచ్చిన ఆమె ఆ తలుపును తోసి, అది కదలకపోవడంతో నా వైపు తిరిగారు.

"ఇది ఎందుకు?"

"సేఫ్టీ కోసం, ఎడ్నా."

"ఎవరి నుంచి?"

నేను ఇన్సూరెన్స్ గురించి, దొంగల గురించి ఏదో చెప్పాను. అవతల దేశంలో ఒక తండ్రి భయపడుతున్నాడని కూడా చెప్పాను. ఆమె ఆ మాటకే తగ్గారు. "ఆ తండ్రి భయం తీరేదాకా ఉంచు. తర్వాత తీసేయ్," అన్నారు.

డిసెంబరులో ఒక ఆదివారం కూటం అయ్యాక నేను బిర్యానీ పట్టుకుని వెళ్ళాను. నలుగురం బల్ల దగ్గర కూర్చున్నాం. మంచు పడటం ఆగింది. బయట ఇంకా వెలుతురుంది. కుడి తలుపు మీద తట్టిన చప్పుడు అయింది. కాసేపాగి మళ్ళీ అయింది. శబ్దం తలుపు కింది సగం నుంచి వస్తోంది, చిన్నపిల్ల చెయ్యి అందే ఎత్తు నుంచి. నేను లేచి అంకెలు నొక్కి తెరిచాను. ఎవరూ లేరు. మెట్టు మీద కొత్త మంచు దూదిలా పరుచుకుని ఉంది. దాని మీద పిట్ట అడుగు కూడా లేదు.

వెనక్కి తిరిగితే కిరణ్ చేతిలో ముద్ద అలాగే ఉంది. ఎడ్నా గారి కళ్ళ నిండా నీళ్ళు. ఆ ముఖంలో భయం కాదు, సిగ్గు కనిపించింది. గుమ్మంలో అతిథి నిలబడిపోతే ఇంటివాళ్ళు పడే సిగ్గు.

"ఇంతకు ముందెప్పుడూ ఆమెకు తలుపు తట్టాల్సిన అవసరం రాలేదు," అన్నారు.

ఆ క్షణంలో తాళం ఊడదీసి ఉంటే ఈ వ్యాసం ఇలా ఉండేది కాదు. నేను గట్టిగా ప్రార్థన అందుకున్నాను. ఆమె సొంత ఇంట్లో, ఆమె ముందే, ఆమె ఎదురుచూసే బిడ్డను దురాత్మ అని పిలిచి వెళ్ళిపొమ్మని గద్దించాను. తెలుగులో గద్దించాను గనుక ఆమెకు మాటలు అర్థమై ఉండవని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. ఆ వారంలోనే పిల్లలిద్దరినీ ఖాళీ చేయించాను. శ్రావణి, "నేను ఇక్కడ్నే ఉంటా అంకుల్, ఆంటీ ఒక్కతే అయితది," అని బతిమాలింది. వాళ్ళ నాన్నకు ఫోన్ కలిపి ఆ పిల్ల చేతిలో పెట్టాను. తర్వాతి ఆదివారం కూటంలో లేచి, ఆ ఇంట్లో దురాత్మను గద్దించానని సాక్ష్యం చెప్పాను.

అక్కడి నుంచి కథ నన్ను దాటి పోయింది. ఆ తర్వాత ఎడ్నా గారు మా కూటానికి రాలేదు. హాలు తాళం మాత్రం ఎప్పటిలాగే తీసి ఉండేది, కాఫీ వేడిగా ఉండేది. సార్నియాలో ఒక పెళ్ళి విందులో ముక్కూమొహం తెలియని ఒకాయన ఆ కథను నాకే చెప్పాడు. "గ్వెల్ఫ్‌లో ఒక ముసల్దండీ బాబూ, చచ్చిపోయిన పిల్లని మేడ మీద దాచిపెట్టి, అద్దెకొచ్చిన మన ఆడపిల్లల్ని దానికి తోడు ఇచ్చేస్తుందంట!" నేను కాదనలేదు. ఇంకాస్త రైతా వేయించుకున్నాను.

వసంతంలో ఆమె మందుల షాపులో కనిపించారు. నిష్ఠూరం లేదు. శ్రావణి పరీక్షలు ఎలా రాసిందని అడిగారు. "నీకు వీలున్నప్పుడు స్క్రూడ్రైవర్ తెచ్చుకుని రా. ఆ తండ్రికిప్పుడు భయం లేదుగా," అన్నారు. శనివారం వస్తానన్నాను. వెళ్ళలేదు. ఆ ఇంటి ముందు నిలబడే ధైర్యం లేక ఒక శనివారం, మొహం చెల్లక తర్వాతి శనివారాలు. అలా మళ్ళీ చలికాలం వచ్చింది.

ఆ ఫోన్ వచ్చిన రోజు ఆస్పత్రికి వెళ్తే, వరండాలో డగ్ నాకు చెప్పాడు. తాళం తాను ఊడదీస్తానని అతను ఎన్నోసార్లు అడిగాడట. ఆమె ఒప్పుకోలేదు. "అతను శనివారం వస్తానన్నాడు. వచ్చేసరికి ఊడదీసి ఉంటే చిన్నబుచ్చుకుంటాడు," అన్నారట. ఈలోగా తలుపు మూసుకుని తాళం పడిపోకుండా బూటు అడ్డం పెట్టుకుని, కోటు కప్పుకుని, ఆ సందు ఎదురుగా కూర్చునేవారట. వయసు, ఊపిరితిత్తులు అని డాక్టర్లు అన్నారు. వాళ్ళు అన్నదాన్ని నేను కాదనను. ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

సమాధి దగ్గర పదిమందిమి కూడా లేం. వాటర్లూలో ఉద్యోగం చేస్తున్న శ్రావణి బస్సులు మారి వచ్చింది. పెట్టెను దించుతుంటే ఇంగ్లీషు కీర్తన పాడారు. తర్వాత ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"మనం సామాన్లు తీస్కపోయిన దినం ఆంటీ నాకొక మాట చెప్పింది, అంకుల్. 'నువ్వెప్పుడన్న రా, తట్టకు, తోస్కొని రా' అన్నది. ఎన్నిసార్లు బస్సెక్కి మళ్ళ దిగిన్నో. మీరు వద్దన్నరు, నాన్న వద్దన్నడు." సమాధి వైపు చూసి మళ్ళీ అడిగింది. "ఆమె బూటు పెట్టింది ఎవరి కోసం అంకుల్? ఆ లిడియా కోసమా, నా కోసమా?"

నీ కోసమేనమ్మా అని చెప్పాను. ఇంకేం చెప్పను? లిడియాకు ఆ దారి తెలిసి వందేళ్ళు దాటింది. కొత్తగా బయట నిలబడిపోయింది శ్రావణి, నిలబెట్టింది నేను. ఆ పిల్ల అక్కడే, అందరి ముందే, మంచులో కూర్చుండిపోయి ఏడ్చింది. నేను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. డగ్ భార్య వచ్చి లేపింది.

ఇల్లు అమ్మకానికి పెడతారట. కొన్నవాళ్ళు రెండు తలుపులెందుకని ఒకటి మూసేస్తారు కావచ్చు. వాళ్ళను తప్పుపట్టలేం. చదివిన మీతో నా మనవి ఒకటే. ఆ ఇంటి కథ ఎవరైనా ఎత్తితే, అక్కడున్నది ఒక వృద్ధురాలు, ఆమె ఒక మాట మీద నిలబడిందని చెప్పండి. ఆ తలుపుకు తాళం బిగించింది నేనని కూడా చెప్పండి. మాకు హాలు తెరిచిపెట్టిన ఆ మనిషి లేని లోటు తీరేది కాదు. ఆదివారం కూటానికి వెళ్తే హాలు తాళం వేసి ఉంది. మేమంతా తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియక, చలిలో, బయటే నిలబడ్డాం.