తాలు ఏరే కళ్ళు

మా అక్కను మిరప కల్లం నుంచి వెళ్ళగొట్టిన రోజు తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏన్కూరు దగ్గర కల్లాల్లో ఎండిన కాయల్లోంచి తెల్లబారిన తాలు కాయలు ఏరడం ఆమె పని. ఆ ఏడు ఆమె ఏరిన ఎర్రకాయల కుప్పలో తాలు మిగిలిపోతూ వచ్చింది. "కండ్లు నెత్తికెక్కినయా?" అంది ముఠా పెద్ద. నెత్తికెక్కడం కాదు, ముప్పై దాటకుండానే శుక్లాలు కమ్మాయి. మా నాన్నకూ అంతే. ఊళ్ళో మమ్మల్ని పొరకండ్లోళ్ళు అంటారు. మా ఇంటిపేరు ఎవరికీ గుర్తులేదు.

కంటి ఆపరేషన్‌కు ముందు టౌన్‌లో ఒక ప్రైవేటు దవాఖానాలో రక్తం పరీక్షించారు. ఒంట్లో ఇనుమును దాచిపెట్టే ఫెర్రిటిన్ అనే ప్రోటీన్ బాగా ఎక్కువుందట. "ఇనుము ఎక్కువైంది, రక్తం తీసేయాలె" అన్నాడు డాక్టరు. కళ్ళ సంగతి పక్కనబెట్టి నెలల తరబడి సంచులకు సంచులు తీశాడు. అక్క అత్తగారు తోటకూర మాన్పించి, ఇనుప మూకుడు అటకెక్కించింది. అక్కకు గడప దాటితే ఆయాసం. ఇంటర్ పిల్లలకు జీవశాస్త్రం చెప్పేదాన్ని, ఇదేమిటని అడిగాను. "మీరు పాఠాలు చెప్పుకోండి మేడం" అన్నాడు ఆ మహానుభావుడు.

చివరికి హైదరాబాద్ తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ నాన్న కళ్ళ గురించి కూడా అడిగి, జన్యుపరీక్ష చేయించి, సంగతి తేల్చింది. ఫెర్రిటిన్ తయారు చేయమనే కబురు ఒక ఆర్‌ఎన్‌ఏ పోగు మీద ఉంటుంది. పోగు మొదట్లో చిన్న మడత. ఇనుము తక్కువైనప్పుడు ఒక కాపలా ప్రోటీన్ ఆ మడతను పట్టుకుని కూర్చుంటుంది. అప్పుడు ప్రోటీన్లు తయారుచేసే రైబోజోముకు పని మొదలుపెట్టే వీలుండదు. మా వంశంలో ఆ మడతలో ఒక్క అక్షరం మారింది. కాపలాకు పట్టు చిక్కదు. అక్కర లేకపోయినా ఫెర్రిటిన్ తయారవుతూనే ఉంటుంది, కంటి కటకంలో పేరుకుని పొర కడుతుంది. ఇనుము మాత్రం ఎక్కువేం లేదు. డబ్బాలు ఎక్కువున్నాయని చూసి ఇంట్లో బియ్యం ఎక్కువనుకున్నారు, ఉన్న కాసిన్ని గింజలూ ఎత్తుకుపోయారు.

కళ్ళకు ఆపరేషన్ అయింది. పట్టీ తీశాక అక్క ముందు తన అరచేయి చూసుకుంది. తిప్పి తిప్పి చూసింది.

"గిదేందే, తాలుకాయ లెక్క గింత తెల్లగయింది?"

అప్పుడు చెప్పాను, రక్తం తీయాల్సిన పనే లేదని.

"మరి నా రక్తం ఎవరికన్న ఎక్కించిన్రా?"

"లేదక్కా. పారబోసిన్రు."

ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నాలుగు తాలుకాయలు ఇడిసిపెట్టినందుకే నన్ను ఎల్లగొట్టిన్రు" అంది. "వాన్ని ఎవరు ఎల్లగొడ్తరే?"