అయ్యగారి నవల

మా మావయ్య చాలా ఏళ్లు పాస్టరుగా చేశాడు. ఆయన ప్రసంగాలు, నిజం చెప్పాలంటే, చప్పగా ఉండేవి. ముందు వరుసలో కూర్చునే మా అత్తే కునికిపాట్లు పడేది. కానీ వినడంలో ఆయనను మించినవాడు లేడు. ప్రార్థన అయ్యాక చర్చి వెనక గదిలో కూర్చుంటే, ఒక్కొక్కరే తలుపు చేరవేసి, కడుపులో దాచుకున్నదంతా చెప్పుకుని తేలికపడి వెళ్లేవారు. విన్నది ఆయన నోరు దాటేది కాదు. అత్త అడిగి అడిగి విసిగిపోయింది.

అలాంటి మనిషి ముసలితనం ముంచుకొస్తుండగా, ఆ గదిలో విన్నవాటితోనే ఒక నవల రాశాడు. ఏ తప్పు ఎవరిదో ఆనవాలు దొరకకూడదని దర్జీ తాగుడు, నర్సు ఆడిన అబద్ధం, ఇంకొకాయన తమ్ముడి ఇల్లు కాజేయడం, అన్నీ తెచ్చి కథానాయకుడి నెత్తినే పెట్టాడు. ఆ కథానాయకుడెవరయ్యా అంటే, ఒక పాస్టరు! తెలిసిన ఉద్యోగం అదొక్కటే మరి. ఇంకేముంది, అది ఆయన సొంత కథేనని అందరూ తేల్చేశారు.

సంఘ పెద్దలు పిలిపించారు. తోడుగా నేనూ వెళ్లాను.

"తమ్ముడి ఇల్లు కాజేసింది మీరేనా?" అని సంఘాధ్యక్షుడు నిలదీశాడు.

మావయ్యకు అసలు తమ్ముడే లేడు. నేను ఆ మాట అనబోతే ఆయన నా మోకాలు గట్టిగా నొక్కాడు.

"రాసింది నేనేనండీ," అన్నాడు, అంతే.

ఉద్యోగం పోయింది. చర్చివారి ఇల్లూ పోయింది. బేకరీ మీది రెండు గదుల్లోకి మారారు. ఇక నవలలే దిక్కు. వంటింటి బల్లకు ఒక చివర అత్త కూరలు తరిగితే, రెండో చివర ఆయన రాసుకునేవాడు.

"కాదని ఒక్క మాట అనుంటే ఏం పోయేది?" అని అత్త రోజూ సతాయించేది.

"కాదంటే, మరి ఎవరిదని అడుగుతారే," అనేవాడు.

ఆమె నమ్మలేదు. ఎక్కడో ఓ మూల ఆమెకూ అనుమానమే.

జనం మాత్రం అక్కడికీ వచ్చేవారు. వచ్చినప్పుడల్లా అత్త గొణుక్కుంటూ మెట్లమీదికి వెళ్లి కూర్చునేది. ఒకరోజు సంఘాధ్యక్షుడే వచ్చాడు. అత్త లేవబోతే, "మీరూ ఉండండమ్మా," అన్నాడు.

"అయ్యగారూ, మా తమ్ముడి ఇల్లు వాడికి రాసిచ్చేశాను. ఆ రోజు మీరు నా పేరు చెప్పుంటే నేను తలెత్తుకు తిరిగేవాణ్ణి కాదు."

అధ్యక్షుడు వెళ్లాక అత్త ఆ నవల తీసి మొదటినుంచీ మళ్లీ చదివింది. ప్రతి పేజీ దగ్గరా ఆగి మావయ్య ముఖం చూసింది.

"పిచ్చి మారాజా," అంది ఏడుస్తూ, "ఇంతమందివీ ఒక్కరే మోశారా?"